చిన్న ఊరి కమ్యూనిటీ కాలేజీ: ఫీజు ఎందుకు తక్కువ, చిక్కు ఎక్కడ

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు హైస్కూల్ చివరి ఏడాదికి వచ్చేసరికి ఒక చర్చ తప్పదు. మంచి యూనివర్సిటీలో సీటు వచ్చినా నాలుగేళ్ల ఖర్చు లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఊళ్లోనే ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో చదివి తర్వాత యూనివర్సిటీకి మారితే సరిపోతుంది కదా అని ఒకరు అంటారు. అక్కడ చదివితే విలువ ఉంటుందా అని ఇంకొకరు అడుగుతారు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న బంధువులకైతే, ఫీజు అంత తక్కువంటే ఏదో లోపం ఉండే ఉంటుందన్న అనుమానం. ఆ అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. లోపం ఉన్నమాట నిజమే కానీ, చాలామంది అనుకునే చోట లేదు.

క్లుప్తంగా

కమ్యూనిటీ కాలేజీ ఫీజు తక్కువగా ఉండడానికి ప్రధాన కారణం పన్నుల డబ్బు. చదువు నాసిరకం కావడం కాదు. అసలు సమస్య యూనివర్సిటీకి మారే దగ్గర వస్తుంది. ఏ కోర్సు ఎక్కడ లెక్కకు వస్తుందో ముందే తెలిసిన విద్యార్థికి డిగ్రీ తక్కువ ఖర్చుతో వస్తుంది, తెలియని విద్యార్థి ఏళ్లు పోగొట్టుకుంటాడు. చిన్న ఊళ్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు లెక్కలు వేరే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

కాలేజ్ బోర్డు లెక్కల ప్రకారం 2024-25లో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో స్థానిక విద్యార్థి కట్టే సగటు ఫీజు ఏడాదికి 4,050 డాలర్లు. సొంత రాష్ట్రంలోని నాలుగేళ్ల ప్రభుత్వ యూనివర్సిటీలో అది 11,610. వేరే రాష్ట్రం నుంచి వస్తే 30,780. ప్రైవేటు యూనివర్సిటీలో 43,350. ఇవన్నీ ట్యూషన్, ఇతర ఫీజులు మాత్రమే. అద్దె, తిండి, కారు, పుస్తకాలు వేరు.

కాలిఫోర్నియాలో ఫీజు ఇంకా తక్కువ. అక్కడ ఒక యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని లెక్కపెట్టే కొలమానం, చాలాచోట్ల క్రెడిట్ అంటారు) 46 డాలర్లు. 2012 నుంచి ఈ రేటు మారలేదు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి 60 యూనిట్లు కావాలి కాబట్టి మొత్తం ట్యూషన్ 2,760 డాలర్లు. ఒకప్పుడు అది కూడా లేదు. 1984 దాకా ఆ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్ ఫీజు అన్నదే లేదు.

కాలేజీకి అయ్యే ఖర్చు మాత్రం అంత తక్కువ కాదు. మిగతాది వేరేవాళ్లు కడుతున్నారు. కాలిఫోర్నియా, టెక్సస్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో కాలేజీకి సొంత జిల్లా ఉంటుంది. ఆ జిల్లాలో ఇళ్లు, స్థలాలు ఉన్నవాళ్లు కట్టే ఆస్తి పన్నులో కొంత భాగం నేరుగా కాలేజీకి పోతుంది. అందుకే టెక్సస్‌లో జిల్లా లోపల ఉండేవారికి ఒక ఫీజు, పక్క జిల్లావారికి ఇంకో ఫీజు. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనోలలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఏటా కట్టే ఆస్తి పన్ను బిల్లులో కాలిన్ కాలేజీ పేరు ఒక వరుసలో కనిపిస్తుంది. పిల్లల్ని అక్కడికి పంపినా పంపకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. వాషింగ్టన్ రాష్ట్రంలో పద్ధతి వేరు. అక్కడ స్థానిక పన్ను లేదు, రాష్ట్ర బడ్జెట్టే ఆధారం.

రెండో కారణం, కాలేజీలో లేనివి. పరిశోధన ల్యాబులు, పెద్ద స్టేడియాలు ఉండవు. హాస్టల్ చాలాచోట్ల ఉండదు, విద్యార్థులు ఇంటి నుంచే వచ్చిపోతారు. లెక్చరర్లకు పరిశోధన బాధ్యత లేదు, వాళ్ల పని పాఠం చెప్పడమే. పెద్ద యూనివర్సిటీలో మొదటి ఏడాది కాల్క్యులస్ క్లాసులో వందల మంది కూర్చుంటే, ఇక్కడ ముప్పై నలభై మంది ఉంటారు. ఆ ఒక్క విషయంలో కమ్యూనిటీ కాలేజీదే పైచేయి అనడానికి సందేహించనక్కర్లేదు.

పొదుపు చేసే చోటు మరొకటుంది, దాని గురించి కాలేజీలు పెద్దగా చెప్పుకోవు. దేశవ్యాప్తంగా కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్. కోర్సుకు ఇంత అని జీతం, వచ్చే సెమిస్టర్ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. క్లాసు అయిపోగానే ఇంకో కాలేజీకి కారెక్కే లెక్చరర్ దగ్గర డౌట్ అడగడానికి కుదరదు. సలహా చెప్పే అడ్వైజర్ల సంఖ్యా అంతంతే, ఒక్కొక్కరి కింద వందల మంది విద్యార్థులు ఉంటారు. తర్వాత వచ్చే కష్టాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

హైస్కూల్ పైన వేసిన అంతస్తు

ఈ కాలేజీలు యూనివర్సిటీల నుంచి విడిపోయి పుట్టలేదు, హైస్కూళ్ల నుంచి పైకి పెరిగాయి. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్ అనే ఊళ్లో హైస్కూల్ తర్వాత రెండేళ్ల కాలేజీ చదువును ఆరుగురు విద్యార్థులతో మొదలుపెట్టారు. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ దీనికి ప్రోత్సాహం ఇచ్చారు. ఆయన ఉద్దేశంలో మొదటి రెండేళ్ల చదువు యూనివర్సిటీ పని కాదు. కాలిఫోర్నియా 1907లో చట్టం చేసి హైస్కూళ్లకే ఆ అనుమతి ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులు చదువులకు తిరిగి వచ్చారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్, ప్రతి ప్రాంతంలో ఇలాంటి ప్రభుత్వ కాలేజీ ఉండాలని సిఫారసు చేసింది. ఇప్పుడు అమెరికాలో ఇవి వెయ్యికి అటూఇటూ ఉన్నాయి.

1960లో కాలిఫోర్నియా తయారుచేసిన మాస్టర్ ప్లాన్ ఈ ఏర్పాటుకు స్పష్టమైన రూపం ఇచ్చింది. హైస్కూల్ విద్యార్థుల్లో మార్కులను బట్టి పైన ఉన్న ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, మూడో వంతు దాకా స్టేట్ యూనివర్సిటీ, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ. కింది మెట్టులో చేరినవారు పైకి ఎక్కే దారి తెరిచి ఉంటుందన్నది హామీ. అదే ఏడాది బర్టన్ క్లార్క్ అనే సామాజికశాస్త్రవేత్త శాన్ హోసే జూనియర్ కాలేజీని పరిశీలించి ఒక చేదు మాట రాశారు. నాలుగేళ్ల డిగ్రీ ఆశతో వచ్చినవారిని మెల్లగా, నొప్పి తెలియకుండా, చిన్న కోర్సుల వైపు మళ్లించడం ఈ కాలేజీలు చేసే పనుల్లో ఒకటని ఆయన వాదన. అరవై ఏళ్లు దాటినా ఆ వాదనను ఎవరూ పూర్తిగా కొట్టిపారేయలేకపోయారు.

వాలా వాలా చెప్పే సంగతి

చిన్న ఊళ్లో ఈ కాలేజీ ఎలా పనిచేస్తుందో చూడడానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా మంచి ఉదాహరణ. జనాభా సుమారు 34 వేలు. సియాటిల్ నుంచి కారులో నాలుగు గంటల పైన. చుట్టూ గోధుమ పొలాలు, తియ్య ఉల్లిపాయలు, ఊరి అంచున రాష్ట్ర జైలు. ఇంత చిన్న ఊళ్లోనే విట్‌మన్ కాలేజీ అనే పేరున్న ప్రైవేటు సంస్థ ఉంది, అక్కడ ట్యూషన్ ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది. అదే ఊళ్లో వాలా వాలా కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర విద్యార్థికి అందులో పదో వంతు, ఐదు వేల డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. ఒకే ఊళ్లో ఉన్నా ఈ రెండు కాలేజీలూ చాలావరకు వేరు వేరు జనం కోసం. విట్‌మన్ విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వస్తారు, చదువయ్యాక ఎక్కువమంది వెళ్లిపోతారు. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు ఆ లోయలోనే పుట్టి పెరిగినవారు, చాలామంది అక్కడే ఉండిపోవాలనుకునేవారు.

రాష్ట్రం కమ్యూనిటీ కాలేజీల చట్టం చేసిన 1967లోనే ఈ కాలేజీ మొదలైంది. కూరగాయల డబ్బాల ఫ్యాక్టరీలు, పొలం పనులు తగ్గుతున్న కాలంలో ఊళ్లో ద్రాక్షతోటలు, వైన్ తయారీ పెరగడం మొదలైంది. 2000లో కాలేజీ ద్రాక్ష సాగు, వైన్ తయారీ కోర్సు పెట్టింది. విద్యార్థులే నడిపే వైనరీ కూడా ఉంది, అక్కడ తయారైన వైన్‌ను అమ్ముతారు. అప్పటికి కొన్ని పదులుగా ఉన్న వైనరీలు ఇప్పుడు ఆ ప్రాంతంలో వంద దాటాయి. కాలేజీ వల్లే అవి పెరిగాయనడం అతిశయోక్తి. కానీ పనివాళ్లను బయట ఊళ్ల నుంచి తెచ్చుకోవాల్సిన అవసరం తగ్గిందన్నది నిజం. దీంతోపాటు నర్సింగ్, జాన్ డీర్ ట్రాక్టర్ల మెకానిక్ కోర్సు, జైల్లో ఖైదీలకు చదువు. 2013లో ఈ కాలేజీ శాంటా బార్బరా సిటీ కాలేజీతో కలిసి ఆస్పెన్ ప్రైజ్ గెలుచుకుంది. కమ్యూనిటీ కాలేజీల్లో దేశస్థాయిలో అంతకు మించిన గుర్తింపు లేదు.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. చిన్న ఊరి కాలేజీలో ఏ కోర్సు బాగుంటుందన్నది ఊళ్లో ఏ పని ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. వాలా వాలాలో నర్సింగ్, వైన్, వ్యవసాయ యంత్రాలు బలం. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లోకో కెమికల్ ఇంజినీరింగ్‌లోకో వెళ్లాలనుకునే విద్యార్థికి పరిస్థితి అంత అనుకూలం కాదు. ఇంజినీరింగ్‌కు కావాల్సిన ఫిజిక్స్ మూడు భాగాల కోర్సు. సియాటిల్ చుట్టుపక్కల కాలేజీలో ఒక క్వార్టర్‌లో (దాదాపు మూడు నెలల టర్మ్) కుదరకపోతే తర్వాతి క్వార్టర్‌లో తీసుకోవచ్చు, లేదా పక్క కాలేజీకి వెళ్లొచ్చు. చిన్న కాలేజీలో ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే పెట్టొచ్చు. చేరేవాళ్లు తక్కువైతే రద్దు కూడా కావొచ్చు. ఒక్క భాగం తప్పితే వరుస మొత్తం ఏడాది వెనక్కి పోతుంది. ఫీజు చవకే. కానీ ఒక ఏడాది ఆలస్యమంటే ఒక ఏడాది జీతం పోయినట్టే.

అసలు గండం: ట్రాన్స్‌ఫర్

కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో దాదాపు 80 శాతం మంది నాలుగేళ్ల డిగ్రీ లక్ష్యమని చెబుతారు. యూనివర్సిటీకి మారేది మూడో వంతు. ఆరేళ్లలో బ్యాచిలర్స్ డిగ్రీ చేతికి వచ్చేది సుమారు 16 శాతం మందికి. నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్ హౌస్ డేటాతో చేసిన అధ్యయనాల్లో ఈ అంకెలు ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు.

ఇందులో కొంత భాగం కాలేజీ చేతిలో లేనిది. విద్యార్థుల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్, ఉద్యోగం చేస్తూ చదివేవారు, పిల్లలున్నవారూ చాలామంది. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు అంటే రెండేళ్ల చదువు నాలుగేళ్లవుతుంది, మధ్యలో ఏ చిన్న కష్టం వచ్చినా ఆగిపోతుంది. మార్కులు, ఇంటి పరిస్థితి ఒకేలా ఉన్న ఇద్దరు విద్యార్థులను పోల్చకుండా 16 శాతం అంకెను మాత్రమే పట్టుకుని కాలేజీని తప్పుపట్టడం సరికాదు. చదువే పనిగా పెట్టుకుని ఫుల్‌టైమ్ చేరిన పిల్లల అవకాశాలు ఆ సగటు కంటే మెరుగే.

రెండో భాగం మాత్రం వ్యవస్థ తప్పే. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు. ఇది అన్ని రకాల మార్పులకూ కలిపిన లెక్క. ఒకే రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీ నుంచి ప్రభుత్వ యూనివర్సిటీకి మారితే నష్టం ఇంతకంటే తక్కువే. అయినా మెలిక ఒకటుంది. యూనివర్సిటీ క్రెడిట్‌ను ఒప్పుకుంటుంది, కానీ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) కావాల్సిన కోర్సుగా కాకుండా ఎలక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) జమ చేస్తుంది. కాగితం మీద ఏ క్రెడిట్టూ పోలేదు. డిగ్రీకి ఇంకా ఎన్ని కోర్సులు మిగిలాయో చూస్తే మాత్రం, ఆ చదువు మళ్లీ చదవాల్సిందే.

దీన్ని సరిచేయడానికి రాష్ట్రాలు ఒప్పందాలు చేసుకున్నాయి. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, నిర్ణీత కోర్సులతో అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసినవారికి స్టేట్ యూనివర్సిటీలో చోటు గ్యారంటీ ఇచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు కొన్ని షరతులతో ఇలాంటి హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలు ఇవ్వవు. హామీ లేకపోయినా యూసీఎల్‌ఏకు (లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కు) హైస్కూల్ నుంచి నేరుగా దరఖాస్తు చేసేవారిలో పది శాతం కంటే తక్కువ మందికి సీటు వస్తుంటే, ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల్లో దాదాపు నాలుగో వంతుకు వస్తోంది. కంప్యూటర్ సైన్స్ వంటి మేజర్లకు ఈ ఊరట వర్తించదు, అక్కడ ట్రాన్స్‌ఫర్ సీట్లు చాలా తక్కువ. వాషింగ్టన్‌లో 90 క్వార్టర్ క్రెడిట్లతో ఉండే డైరెక్ట్ ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఉంది. సైన్స్, ఇంజినీరింగ్ పిల్లలకు వేరే డిగ్రీ ఉంది. తెలియక మొదటి దాంట్లో చేరిన ఇంజినీరింగ్ విద్యార్థి పూర్తిగా ఉత్తీర్ణుడై కూడా వెనకబడిపోతాడు. ఇక్కడే అడ్వైజర్ల కొరత దెబ్బ తీస్తుంది. చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లలు వెబ్‌సైట్లో ఈ పట్టికలు చూసుకుంటారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారికి అలాంటి పట్టిక ఒకటి ఉంటుందనే తెలియదు.

ఈసెట్‌తో పోలిస్తే

తెలుగు రాష్ట్రాల్లో దీనికి కాస్త దగ్గరగా ఉన్నది పాలిటెక్నిక్ దారి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ ర్యాంకుతో బీటెక్ రెండో ఏడాదిలో చేరడం. ఊళ్లో ప్రభుత్వ పాలిటెక్నిక్, తక్కువ ఫీజు, తర్వాత పెద్ద కాలేజీ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపలి పద్ధతి మాత్రం తలకిందులు.

ఈసెట్‌లో గేటు ఒక్కటే. ర్యాంకు వస్తే డిప్లొమా మొత్తానికీ కలిపి ఒక ఏడాది మినహాయింపు, రాకపోతే లేదు. ఏ సబ్జెక్టు ఏ కాలేజీలో చెల్లుతుందన్న గొడవ ఉండదు. అమెరికాలో అలాంటి పరీక్ష లేదు, కానీ ప్రతి కోర్సూ ఒక చిన్న గేటే. మన పద్ధతిలో టెన్షన్ అంతా ఒక్క రోజు పరీక్షలో ఉంటుంది, వాళ్ల పద్ధతిలో రెండేళ్లు పరుచుకుని ఉంటుంది, చాలామందికి కనిపించదు కూడా. ఇంకో తేడా, నలభై ఏళ్ల వ్యక్తి మన పాలిటెక్నిక్‌లో రెండే రెండు కోర్సులు తీసుకుని వెళ్లిపోవడం సాధ్యం కాదు. అమెరికా కమ్యూనిటీ కాలేజీలో అది రోజూ జరిగేదే. యూజీసీ 2013 ప్రాంతంలో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది, 2021లో చదివిన క్రెడిట్లను దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. ఆలోచన అక్కడిదే. క్రెడిట్ బ్యాంకులో పడ్డంత మాత్రాన ఇంకో కాలేజీ దాన్ని మేజర్‌లో లెక్కేయాలని లేదన్న అమెరికా అనుభవం ఇక్కడా ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

వీసాను బట్టి మారే లెక్క

పై ఫీజులన్నీ స్థానికులకు. అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టనక్కర్లేని కేంద్ర ప్రభుత్వ సాయం) కూడా వస్తుంది. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థికి కమ్యూనిటీ కాలేజీ ఫీజు పోను అద్దెకు కూడా కొంత మిగులుతుంది.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు పెల్ గ్రాంట్ రాదు. స్థానిక ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఏడాది నివాసం చూపిస్తే వర్తిస్తుంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి, దాంతో ఫీజు రేటు కూడా మారొచ్చు. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరిన పిల్లలకు ఈ మార్పు సరిగ్గా యూనివర్సిటీ మూడో ఏడాదిలో, ఫీజులు ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చి పడుతుంది. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న తెలుగు కుటుంబాలకు అసలు లెక్క ఇదే. మొదటి రెండేళ్లలో మిగిలిన డబ్బును మూడో ఏడాది కోసం దాచుకోవాల్సి రావొచ్చు.

హెచ్-4 మీద ఉన్న గృహిణులది వేరే కథ. బీటెక్ చదివి ఉద్యోగ అనుమతి కోసం ఎదురుచూస్తూ అకౌంటింగ్ కోర్సో, ప్రీస్కూల్ టీచర్ కావడానికి కాలిఫోర్నియాలో అడిగే 12 యూనిట్లో తీసుకునేవారు చాలామంది. వాళ్లకు డిగ్రీ అక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్ అక్కర్లేదు. ఈ కాలేజీల నుంచి పూర్తి ప్రయోజనం పొందేది బహుశా వాళ్లే.

ఇండియా నుంచి నేరుగా ఎఫ్-1 మీద వెళ్లేవారికి ఈ చవక దాదాపు కరిగిపోతుంది. కాలిఫోర్నియాలో విదేశీ విద్యార్థి యూనిట్‌కు 46 బదులు 300 డాలర్లకు పైగా కట్టాలి, సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి. అసోసియేట్ డిగ్రీ తర్వాత ఏడాది ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసే అనుమతి) దొరకొచ్చు. కానీ సైన్స్, ఇంజినీరింగ్ వారికి ఆ అనుమతిని పెంచే స్టెమ్ పొడిగింపుకు, ఉద్యోగ వీసా హెచ్-1బీకి బ్యాచిలర్స్ ఉండాలి. ఎమ్మెస్ కోసం వెళ్లేవారికైతే ఈ దారితో పనే లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. 2011లో మూతపడిన ట్రైవ్యాలీ యూనివర్సిటీ, 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే బూటకపు సంస్థలు తెలుగు విద్యార్థులను నిండా ముంచాయి. వాటిలో రెండోది అమెరికా అధికారులే పన్నిన వల. ఆ రెండింటికీ కమ్యూనిటీ కాలేజీలకూ సంబంధం లేదు. తక్కువ ఖర్చు, సులభంగా అడ్మిషన్ అన్న పైపై పోలిక ఒక్కటే. ప్రభుత్వ కాలేజీకి పాలకమండలి ఉంటుంది, రాష్ట్ర బడ్జెట్‌లో పద్దు ఉంటుంది, క్లాసులు నిజంగా జరుగుతాయి.

ఇకముందు

ఈ కాలేజీల్లో చేరేవారి సంఖ్య ఉద్యోగాల మార్కెట్‌కు ఎదురుగా నడుస్తుంది. 2008 మాంద్యం తర్వాత ఉద్యోగాలు పోయినవారు వచ్చి చేరడంతో 2010 ప్రాంతంలో విద్యార్థుల సంఖ్య తారస్థాయికి చేరింది. తర్వాత తగ్గుతూ వచ్చి, కరోనా సమయంలో బాగా పడిపోయింది. ఇబ్బంది ఎక్కడంటే, మాంద్యంలోనే రాష్ట్రాల ఆదాయమూ పడిపోతుంది. విద్యార్థులు ఎక్కువగా వచ్చినప్పుడు డబ్బు తక్కువ, డబ్బు ఉన్నప్పుడు విద్యార్థులు తక్కువ. టెక్సస్ 2023లో నిధుల పద్ధతి మార్చి, ఎంతమంది చేరారన్నది కాకుండా ఎంతమంది సర్టిఫికెట్ పొందారు, ఎంతమంది ట్రాన్స్‌ఫర్ అయ్యారన్నది చూస్తోంది. చిన్న ఊరి కాలేజీలకు ఇది మేలు చేస్తుందో, తేలికగా పూర్తయ్యే సర్టిఫికెట్ల వైపు నెడుతుందో కొన్నేళ్లలో తేలుతుంది.

ట్రాన్స్‌ఫర్ గండాన్ని దాటించడానికి ఇంకో ప్రయత్నం, కమ్యూనిటీ కాలేజీలోనే నాలుగేళ్ల డిగ్రీ ఇవ్వడం. వాషింగ్టన్ 2005లో అప్లైడ్ బ్యాచిలర్స్‌కు (ఉద్యోగ నైపుణ్యాల మీద నడిచే నాలుగేళ్ల డిగ్రీకి) కొన్ని కాలేజీల్లో దారి తెరిచింది, 2021లో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌కూ అనుమతి ఇచ్చింది. వాలా వాలా వంటి ఊరికి ఇది సియాటిల్ కంటే ఎక్కువ అవసరం. అక్కడి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్లాలంటే దగ్గరలో ఉన్న వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ట్రై-సిటీస్ క్యాంపస్‌కే కారులో గంట పైన పడుతుంది. కానీ కంప్యూటర్ సైన్స్ చెప్పగలిగిన లెక్చరర్ కోసం ఆ చిన్న కాలేజీ పోటీ పడాల్సింది సియాటిల్ కంపెనీల జీతాలతో.